కొస పట్టుకోమంటే చాలు

ఎడిటర్ గారికి నమస్కారమండి.

రెండు వారాల కిందట మీ ఆదివారం పుస్తకంలో బొంతల మీద ఒక పేజీ వేశారు, ఫోటోలో ఎవరో పెద్దావిడ అరుగు మీద కూర్చుని కుడుతుంది, పైన లావుపాటి అక్షరాలతో అంతరించిపోతున్న కళ అని పెట్టారు. చూసి సంతోషపడ్డ మాట నిజమే, ఇన్నాళ్ళూ పాతగుడ్డల కింద లెక్కేసినదానికి పేపర్లో ఒక పేజీ దక్కింది కదా అని. కానీ చివర్లో ఒక ముక్క రాశారు చూడండి, ఈ తరం పిల్లలకి ఆసక్తి లేదు అని, అక్కడ మాత్రం నాకు ఎక్కడో కాలింది. అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో టైప్ చేస్తున్నా, తప్పులుంటే దిద్దుకోండి, పొడుగైతే కత్తిరించుకోండి, కత్తెర మీ చేతిలోనేగా ఉండేది.

పిల్లలకి ఆసక్తి లేకపోవడం కాదండి, అసలు వాళ్ళని దగ్గరికి రానిచ్చిందెవరు? వేరేవాళ్ళ సంగతి ఎందుకు, నా సంగతే చెప్తా. మా అమ్మాయికి ఏడెనిమిదేళ్ళప్పుడు నేను బొంత పరుచుకుని కూర్చుంటే పక్కన చేరి నేనూ కుడతా నేనూ కుడతా అని ప్రాణం తీసేది, నేనేమో సూది గుచ్చుకుంటది అవతలికి పో, ఎక్కాలు చదువుకోపో, ఇది నేర్చుకుని ఎవర్ని ఉద్ధరిస్తావ్ అని తరిమేదాన్ని. అప్పట్లో మా అందరి బుర్రల్లో ఒకటే, ఆడపిల్ల చదువుకోవాలి, మాలాగా పాతగుడ్డలు ముందేసుకుని కూర్చోకూడదు అని. సరే అది చదివింది, ఉద్యోగమొచ్చింది, పెళ్ళయ్యి అమెరికాలో హ్యూస్టన్ దగ్గర ఉంటుంది. ఆరేళ్ళ కిందట ఒకరోజు వీడియో కాల్లో అమ్మా నేను క్విల్టింగ్ క్లాసులో చేరా అంది. అంటే ఏంటే అంటే, బొంతేనమ్మా, కాకపోతే ఇక్కడ కొత్త గుడ్డ కొని ముక్కలు చేసి మళ్ళీ కుడతారు అంది. ఫీజు కట్టి మరీ! ఇంట్లో ఊరికే నేర్చుకుంటానన్నదాన్ని తరిమేసి, అది సముద్రాలు దాటాక డాలర్లు పోసి నేర్చుకుంటుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలా. ఆ రాత్రి నిద్ర కూడా సరిగ్గా పట్టలేదండి.

మాది నరసరావుపేట దగ్గర పల్లె, ఇప్పుడు పల్నాడు జిల్లా అంటున్నారు. చుట్టూ పత్తి పండేది కానీ ఆ పత్తి అమ్ముకోవడానికే తప్ప మేం దాని మీద పడుకోవడానికి కాదు. పెళ్ళిళ్ళప్పుడు దూదేకులాయన వచ్చి విల్లు వేలాడదీసి దూది ఏకుతుంటే టంగు టంగుమని వీధి చివరిదాకా వినపడేది, ఆ దూదిపరుపు కొత్తల్లుడికి. మిగతా జనానికంతా నులకమంచం, దాని మీద బొంత, బొంత లేకపోతే పొద్దున లేచేసరికి వీపు మీద నులక అచ్చులు పడి ఉండేవి. చీరకి కూడా ఒక జీవితం ఉండేదండి. పండక్కి కొన్న మంగళగిరి చీర నాలుగేళ్ళు పెట్టెలో ఉండి పేరంటాలకి మాత్రమే బయటికొచ్చేది, తర్వాత ఇంట్లో కట్టుడు చీర, రంగు వెలిసాక చేలోకి కట్టే చీర, మెత్తబడ్డాక ఎవరికైనా పురుడొస్తే పొత్తిగుడ్డలు, అదీ అయ్యాక బొంతలో పొర, బొంత కూడా చిరిగిపోతే కాళ్ళు తుడుచుకునే పట్టా, ఆఖరికి పొయ్యి దగ్గర మసిగుడ్డ. పారేయడం అనేది అసలు లేదు.

మా అమ్మ నాకు బొంత కుట్టడం నేర్పిందా అంటే నేర్పలేదండి. ఒక్కరోజు కూడా కూర్చోబెట్టి ఇలా పట్టుకో అలా గుచ్చు అని చెప్పిన పాపాన పోలేదు. ఆవిడ అన్నది ఒకటే మాట, ఏమే, ఇటొచ్చి కొస పట్టుకో. అంతే. ఎందుకంటే బొంత ఒక్క మనిషి పరవలేదు. ఇది మీ పేజీలో ఎక్కడా రాయలేదు గానీ అసలు కిటుకంతా ఇక్కడే ఉంది, అందుకే కాస్త వివరంగా చెప్తా, ఓపిగ్గా చదవండి.

ముందు డాబా ఊడ్చి చాప పరవాలి. అడుగున ఒక చీర. చీర ఐదున్నర మీటర్లు, నడిమికి మడిస్తే ఒక మనిషి మంచానికి సరిగ్గా సరిపోతుంది, అదే డబుల్ కాట్‌కి కావాలంటే నడిమికి కత్తిరించి రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి కలపాలి. దాని మీద ఎనిమిది మూరల పంచె, చిరిగిన లుంగీలు, దిండు గలీబులు, ఏ పాత మెత్తటి నూలుగుడ్డ అయినా సరే, చిరుగులున్న చోట ఇంకో ముక్క అడ్డం పెట్టుకుంటా పోవాలి, ఆఖర్న పైన ఉన్నవాటిలో బాగున్న చీర. మొత్తం ఆరేడు పొరలొస్తాయి. ఇప్పుడు ప్రతి పొర పరిచేటప్పుడూ ఒకళ్ళు ఈ కొస, ఒకళ్ళు ఆ కొస పట్టుకుని బిగలాగి, గాలికి పైకెత్తి ఒక్కసారిగా దించాలి. దించేటప్పుడు గాలి బయటికి పోవడానికి మధ్యలో చేత్తో నిమరాలి. ఒక్కరే చేస్తే ఇటు సర్దితే అటు ముడత, అటు సర్దితే ఇటు ముడత, ఇక లోపల పడ్డ ముడత జన్మలో పోదు, రాత్రి పడుకుంటే సరిగ్గా నడుం కిందకే వస్తది. పరిచాక మూలల్లో నాలుగు రాళ్ళు పెట్టి, పెద్ద పెద్ద టాకాలు వేసి పొరలన్నీ కదలకుండా పట్టించి, అప్పుడు మొదలుపెట్టాలి అసలు కుట్టు. బారెడు దారం, అంతకి మించి తీస్తే చిక్కుపడుద్ది. సాదా కుట్టే, పైకి కిందకి పైకి కిందకి, వరసకీ వరసకీ మధ్య వేలెడు ఎడం.

సో ఇంట్లో బొంత పరిచినప్పుడల్లా ఒక పిల్లో పిల్లాడో కొస పట్టుకోవాల్సిందే. పట్టుకున్న పిల్ల ఊరికే ఉండదు కదా, ఇదెవరి చీర అంటది, ఇది ఎందుకు చిరిగింది అంటది, నేనూ నాలుగు కుట్లు వేస్తా అంటది. మా అమ్మ నన్ను వెయ్యనిచ్చింది, నా కుట్లు కోడి గీరినట్టు ఉండేవి, అయినా విప్పలేదు. అవి ఎప్పుడూ కాళ్ళవైపు వచ్చేట్టు పరిచేది, అది వేరే సంగతి.

ఇప్పుడు మా చిన్నోడి సంగతి. మా అబ్బాయి వాళ్ళు విజయవాడలో ఉంటారు, వాళ్ళకి పెద్దది ఆడపిల్ల టెన్త్, వీడు 7వ క్లాసు. పోయినేడాది వేసవి సెలవులకి ఇద్దరూ నా దగ్గరికొచ్చారు. నాకు అప్పటికి ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయ్యింది, రెండోది కాలేదు, సూది బెజ్జం ఎక్కడుందో నాకూ తెలియదు దానికీ తెలియదు. ఒరేయ్ నాన్నా ఈ దారం ఎక్కించి పెట్టరా అంటే ఫోన్ పక్కన పెట్టకుండానే ఒక చేత్తో... అలా కుదరదు కదా, ఆఖరికి ఫోన్ కింద పెట్టాడు. ఒకటి ఎక్కించాడు. పది నిమిషాలకి మళ్ళీ పిలిచా. మళ్ళీ పిలిచా. వాడికి విసుగొచ్చి, నానమ్మా నీ దగ్గర సూదులు ఎన్నున్నాయి అన్నాడు. డబ్బాలో ఉన్నవన్నీ ఇచ్చా. అన్నిటికీ ఒకేసారి దారాలెక్కించి పాత దిండుకి వరసగా గుచ్చిపెట్టాడు, ఇక నన్ను పిలవకు అన్నాడు. చూశారా, ఇది నాకు అరవై ఏళ్ళల్లో ఎప్పుడూ తట్టలేదు, మా అమ్మకీ తట్టలేదు. బద్ధకంలోంచే తెలివి పుడుద్దేమో అనిపించింది.

అయినా అప్పటికి వాడికి ఇష్టమేం లేదు. ఇష్టం ఎక్కడ మొదలైందంటే ఎలక్షన్ బ్యానర్ దగ్గర.

ఇంట్లో మా అమ్మ కుట్టిన పాత బొంత ఒకటుంది, అడుగు పొర చిరిగి దారాలు వేలాడుతుంటే దాన్ని బాగుచేద్దామని తిరగేశా. లోపల తెల్ల గుడ్డ మీద ఎర్రగా ఉండి వెలిసిపోయిన అక్షరాలు కనపడ్డాయి. చిన్నోడు ఇంగ్లీష్ మీడియం, తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. క...త్తె...ర గు...ర్తు...కే... మీ... ఓ... అని అక్కడ ఆగిపోయాడు, ఎందుకంటే గుడ్డ అక్కడికి కత్తిరించేసి ఉంది. నాకు ఒక్కసారి నవ్వొచ్చింది. తొంభైల్లో మా బాబాయి సర్పంచ్‌గా నిలబడ్డాడు, కత్తెర గుర్తు, ఫ్లెక్సీలు లేవు అప్పుడు, గుడ్డ మీద రంగుతో రాయించేవాళ్ళు. పదకొండు ఓట్లతో పోయాడు. ఆయన వారం రోజులు ఇంట్లోంచి బయటికి రాలేదు గానీ మా అమ్మ మాత్రం పక్కరోజే పోయి బ్యానర్లన్నీ విప్పి ఉతికి మడత పెట్టేసింది, మంచి మందం గుడ్డ, ఎందుకు పోగొట్టుకోవడం అని. ఈ కథంతా చెప్పేసరికి వీడు ఫోన్ టార్చ్ వేసుకుని బొంత మొత్తం వెతకడం మొదలెట్టాడు, మిగతా ‘టు’ ఎక్కడుందని. ఒక పక్క కుట్టు విప్పనివ్వమని నన్ను బతిమాలాడు, సరే ఎలాగూ బాగుచేసేదే కదా అని విప్పనిచ్చా. దొరికింది! దిండు పెట్టే వైపు, తలకిందులుగా. దాని పక్కనే మా బాబాయి పేరులో సగం. అంటే ముప్ఫై ఏళ్ళుగా ఇంట్లో అందరం ఓడిపోయిన ఎలక్షన్ మీద తలపెట్టుకుని పడుకున్నామన్నమాట.

ఆ రోజు నుంచి వాడు వదల్లా. ఇంట్లో ఉన్న ప్రతి బొంతా తిరగేసి ఇదేంటి ఇదెవరిది అని ఒకటే ప్రశ్నలు. సోదికి పోతే పాత సంగతులన్నీ బయటపడ్డట్టు నేనూ చెప్పకూడనివి కూడా కొన్ని చెప్పేశా, అవి ఇక్కడ రాయను లెండి, మా తోటికోడలు మీ పేపరే తెప్పిస్తుంది.

తర్వాత సొంతంగా ఒకటి కుడతానన్నాడు. వాళ్ళమ్మ ఫోన్లో, మగపిల్లాడికి సూదేంటి అత్తయ్యా అంది. టైలర్ షాపుల్లో మిషన్ల మీద కూర్చునేది ఎవరమ్మా, మీ పెళ్ళి జాకెట్లు కుట్టినాయన ఎవరు అన్నా, నవ్వేసి ఊరుకుంది. మంచి పిల్లేలెండి. పైపొరకి ఏం పెట్టాలి అన్నప్పుడు వాడి కన్ను నా బీరువాలో ఉన్న జాకెట్ గుడ్డల మీద పడింది. అదే, వరలక్ష్మీ వ్రతానికీ, గృహప్రవేశాలకీ తాంబూలంలో పెట్టి ఇచ్చేవి, ఎవరూ కుట్టించుకోరు, మనకొచ్చింది ఇంకొకళ్ళకి ఇస్తాం, తిరిగి తిరిగి కొన్ని మన దగ్గరికే వస్తాయి. అరవై దాకా తేలాయి. మెరిసే పాలిస్టర్‌వి పక్కన పెట్టించా, అవి నూలుతో కలవవు, జారిపోతయ్, చెమట పీల్చవు. నూలువి ముప్ఫై ఏరి, జానెడు జానెడు చదరాలు కోసి, వాటిని కలిపి పైపొర చేశాడు. మా పెద్దది అడుగు పంచె కొసలు పట్టుకుంది, పట్టుకుని వెళ్ళిపోయింది. దానికి ఇందులో మనసు లేదు, బొమ్మలేసుకుంటది, దాని ఇష్టం దానిది. అందరికీ అంటాలని రూలేం లేదు కదండి.

అంగుస్తానా, అదే సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే టోపీ, పెట్టుకోరా అంటే అది వదులుగా ఉందని పెట్టుకోడు, వేలికి గుడ్డ చుట్టుకుంటే సిగ్గంట. రెండో రోజు మధ్యవేలి చివర సూది వెనక పోటు దిగి రక్తమొచ్చింది, పసుపు పెట్టా. అప్పుడు పెట్టుకున్నాడు. ఇలాంటివి చెప్తే వినరు, గుచ్చుకుంటే వింటారు. వాడి కుట్లు మొదటి నాలుగు వరసలు చీమల బారు దారి తప్పినట్టు ఉన్నాయి, తర్వాత తర్వాత సర్దుకున్నాయి. ఇరవై రెండు రోజులు పట్టింది.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. కొత్త గుడ్డలు ముందు తడిపి ఆరేసి అప్పుడు కొయ్యాలి, ఇది ఎవరైనా చెప్పే మొదటి మాట. నాకు పాతగుడ్డలతోనే అలవాటు, అవి వందసార్లు ఉతికినవి కాబట్టి రంగు దిగేది ఎప్పుడో దిగిపోయి ఉంటది, అందుకని ఆ ఆలోచనే రాలేదు. పైగా వాడు విజయవాడ తీసుకెళ్ళి వాషింగ్ మిషన్లో పడేశాడు. బొంత నీళ్ళు పీల్చుకుని బండరాయయ్యింది, మిషన్ ఇంటిని ఊపినంత పనిచేసి మధ్యలో ఆగిపోయింది, బయటికి లాగితే ఒక ఎర్ర జాకెట్ గుడ్డ రంగంతా దిగి చుట్టుపక్కల నాలుగు గళ్ళూ, అడుగున ఉన్న తెల్ల పంచే గులాబీ రంగు. వాడు ఏడుస్తూ ఫోన్ చేశాడు. నేను ఏం చెప్పాలో తెలియక, ఒరేయ్ మా అమ్మ బొంతలో ఎలక్షన్ బ్యానర్ ఎర్రరంగు కూడా అలాగే దిగి ఉంటది, ముప్ఫై ఏళ్ళ తర్వాత ఎవడో టార్చ్ వేసుకుని ఈ గులాబీ మరక ఏంటని వెతుకుతాడు చూడు అన్నా. ఏడుపు ఆపి, మరి ఎవరు చెప్తారు అప్పుడు, అన్నాడు. నువ్వే అన్నా. అంతే, ఆ బొంతే కప్పుకుంటున్నాడు ఇప్పటికీ.

వాళ్ళ స్కూల్లో కూడా ఒకసారి పాత వస్తువులతో కొత్త వస్తువు చేసుకురమ్మన్నారంట, మార్కులకి. క్లాసులో సగం మంది బజార్లో రెడీమేడ్‌వి కొనుక్కొచ్చారు, వీడు నిజంగా కుట్టుకెళ్ళిన బొంతముక్క చూసి, ఇది ఇంట్లో పెద్దవాళ్ళు చేసింది అని మార్కులు తగ్గించారు. నేనేం అనను. కుట్టు వంకర చూసైనా తెలియాలి అది పెద్దవాళ్ళది కాదని.

మళ్ళీ మా అమ్మాయి దగ్గరికొస్తా. మొన్నామధ్య నేను హ్యూస్టన్ వెళ్ళినప్పుడు అక్కడ ఏటా చలికాలం ముందు జరిగే పెద్ద క్విల్ట్ పండక్కి తీసుకెళ్ళింది, దాదాపు యాభై ఏళ్ళ నుంచి జరుగుతుందంట, జాతరంత హాలు, గోడల నిండా బొంతలే, ముట్టుకోకూడదు. నిజం చెప్పొద్దూ, సగం చూసేసరికి నాకు దిగులేసింది, ఒక్కదాని మీదా మనిషి పడుకున్న జాడ లేదు. మిషన్ కుట్లు, బొమ్మ గీసినట్టు ఉన్నాయి, గొప్ప పనే కాదనను. కానీ ఇంటికొచ్చాక అమ్మాయి ఇంకో రకం చూపించింది కంప్యూటర్లో. అలబామా రాష్ట్రంలో నది వంపు తిరిగే చోట గీస్ బెండ్ అని ఒక పల్లె ఉందంట, ఒకప్పుడు అక్కడ పత్తి తోటల్లో బానిసలుగా పనిచేసినవాళ్ళ పిల్లలు, మనవలు. పత్తి పండించే ఊరు, పడుకోవడానికి మాత్రం చిరిగిన పొలం బట్టల బొంతలు, అచ్చం మా ఊరి సంగతే. ఆ బొంతల్ని 2002లో ఈ హ్యూస్టన్ మ్యూజియంలోనే గోడకి పెట్టారు, తర్వాత న్యూయార్క్‌లో, 2006లో అమెరికా ప్రభుత్వం వాటి మీద పోస్టల్ స్టాంపులు కూడా వేసింది. ఆ ఊరి బొంతల్లో ఒకటి మిస్సోరీ పెట్‌వే అనే ఆవిడ 1942లో కుట్టింది. భర్త చనిపోతే ఆయన పొలానికి వేసుకెళ్ళిన బట్టలు ఏరి, వెలిసిన ప్యాంటు కాళ్ళు, చొక్కాల కింది కొసలు, అన్నీ కలిపి బొంత చేసింది, ఆయన్ని గుర్తుపెట్టుకుని కప్పుకోవడానికి. పక్కన కూతురు సాయం చేసింది. కూతురు పెద్దయ్యి తనూ పేరున్న బొంతల మనిషి అయ్యింది. ఆ ఫోటో చూస్తుంటే ప్యాంటు మోకాలి మరకలు కనపడుతున్నాయండి, ఉతికినా పోని మట్టి. నేను కళ్ళజోడు తీసేసి కాసేపు బయట కూర్చున్నా. ఎందుకో తర్వాత చెప్తా.

మా అమ్మాయికీ నాకూ ఒక దాని మీద మాత్రం అస్సలు పడదు. అది మధ్యలో మొదలెట్టి బయటికి కుట్టుకుంటా పోతుంది, అలా చేస్తే మిగిలిన గుడ్డ అంచులవైపు జరిగిపోయి ముడత రాదంటది, క్లాసులో అలాగే చెప్పారంట. మా అమ్మ పద్ధతి అంచున మొదలెట్టి చుట్టూ తిరుగుతా మధ్యకి రావడం. టాకాలు గట్టిగా ఉంటే ఎటునుంచి కుట్టినా ఏం కాదు, టాకా వేయడానికి బద్ధకమేసి ఇవన్నీ చెప్తారు అన్నా. రెండు రోజులు మాట్లాడుకోలేదు. చిన్నోడు వీడియో కాల్లో ఇద్దరి వాదనా విని, అత్తా నేను మూల నుంచి కుట్టా, నాకేం కాలేదే అన్నాడు. వాడికి రంగు దిగింది కానీ ముడత రాలేదు, నిజమే.

బొంతని బెంగాల్లో కాంథా అంటారు, సంస్కృతంలో కంథ అన్నా బొంతే, కర్ణాటకలో కౌది, మహారాష్ట్రలో గోధడి, ఇవన్నీ అమ్మాయి చెప్తే తెలిసింది. ఆన్‌లైన్లో వీటికి వేలకి వేలు రేట్లు పెట్టి అమ్ముతున్నారంట. అమ్ముకునేవాళ్ళు అమ్ముకోనీండి, ఒకప్పుడు మా వీధిలోకి పాతచీరలకి బొంతలు కుడతామమ్మా అని కేకేసుకుంటా వచ్చే ఆడవాళ్ళకి శేరు జొన్నలు, ఒక పూట అన్నం పెట్టి పంపేవాళ్ళం, నాలుగు రోజులు వంచిన నడుం ఎత్తకుండా కుట్టేవాళ్ళు. కళ అని రాస్తే వాళ్ళ పేర్లు కూడా రాయాలి. నాకు ఒక్కరి పేరూ గుర్తులేదు, సిగ్గేస్తుంది చెప్పడానికి.

ఇక ఆ బయట కూర్చున్న సంగతి. మా ఆయన పోయి మూడేళ్ళయ్యింది. పోయినవాళ్ళ బట్టలు ఇంట్లో ఉంచకూడదని పదకొండో రోజుకే మా ఆడపడుచు వాళ్ళు అన్నీ మూటకట్టి ఇచ్చేశారు. నేను రెండు పంచెలు బియ్యం డ్రమ్ము వెనక దాచా. ఎవరికీ చెప్పలేదు. ఒకటి మంచిది, ఇంకోటి కుడికొస దగ్గర బీడీ నిప్పు పడి చిన్న కన్నం, మానేశానని నాకు చెప్పాక పడ్డ కన్నం అది. హ్యూస్టన్ నుంచి వచ్చాక మొన్న దసరా సెలవుల్లో చిన్నోడు వచ్చినప్పుడు బయటికి తీశా. తాతయ్యవా, అన్నాడు. అవున్రా అన్నా. కాసేపు చూసి, మధ్యలో పొర పెడదామా పైన పెడదామా అనడిగాడు. పైన పెడితే ఎవరో ఒకరు అడుగుతారు, చెప్పాలి, మధ్యలో పెట్టరా అన్నా. కన్నం ఉన్న కొస వాడు పట్టుకున్నాడు, రెండో కొస నేను పట్టుకున్నా, గాలికెత్తి దించాం. వాడు ఆ కన్నంలోంచి నన్ను చూసి కన్నుకొట్టాడు, వాళ్ళ తాత పోలికే.

కాబట్టి ఎడిటర్ గారూ, మళ్ళీ ఎప్పుడైనా బొంతల మీద పేజీ వేస్తే పిల్లలకి ఆసక్తి లేదని మాత్రం రాయకండి, ఇంటికొచ్చిన మనవల్ని ఒకసారి కొస పట్టుకోమనండి అని ఒక ముక్క వేయండి, ఫోటోలో ఆవిడ ఎదురుగా రెండో కొస పట్టుకున్న చెయ్యి కూడా పడేట్టు తీయమనండి మీ ఫోటోగ్రాఫర్ని.

సెలవులైపోయి చిన్నోడు వెళ్ళేముందు పద్ధెనిమిది సూదులకి దారాలెక్కించి దిండుకి గుచ్చిపెట్టి వెళ్ళాడు, సంక్రాంతికి వస్తా, అప్పటిదాకా సరిపెట్టుకో అన్నాడు. నా రెండో కంటి ఆపరేషన్ కూడా అయిపోయింది, ఇప్పుడు బెజ్జం కాస్త కనపడుతుంది, ఆ సంగతి వాడికింకా చెప్పలేదు. ఏడు సూదులు మిగిలాయి. పొదుపుగా వాడుతున్నా.

ఇట్లు,
మీ పాఠకురాలు,
పల్నాడు జిల్లా